వెల్లకిలా పడటం నేర్చుకుంటున్నాను: ఇరవై నాలుగు వారాల జూజిత్సు డైరీ

1వ వారం, జూన్

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో షాఫ్టులు, బుష్‌లు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో పదకొండేళ్లుగా నాణ్యత తనిఖీ చేస్తున్నాను. రోజంతా మైక్రోమీటరు పట్టుకొని బల్ల మీదికి వంగి నిలబడేవాడికి నడుము పట్టేయడం, పొట్ట పెరగడం సహజమే; నాకు ముప్పై తొమ్మిదో ఏటికి ఈ రెండూ ఒకేసారి సమకూరాయి. ఇనుము ఎత్తే వ్యాయామశాలలో రెండుసార్లు చేరి రెండుసార్లూ మానేశాను కనుక, ఈసారి ఎదుట ఒక మనిషి ఉండే వ్యాయామమైతే మానడానికి కాస్త మొహమాటమైనా ఉంటుందనిపించి, మహాలక్ష్మి మెట్రో స్టేషనుకు నడక దూరంలో ఉన్న ఒక బ్రెజిలియన్ జూజిత్సు శిక్షణ కేంద్రంలో చేరాను. షిఫ్టు ముగిశాక పీణ్యలో రైలెక్కితే నాలుగో స్టేషను. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా తరగతి.

కొలతకు నిలవని ప్రతి ముక్కనూ, అది ఎందుకు నిలవలేదో రాసి రిజెక్షన్ రిజిస్టరులోకి ఎక్కించడం నా వృత్తి. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చుకొని, ఆరు నెలల పాటు దీన్ని ఒక ప్రాజెక్టుగా నడిపి, ఏ వారం ఏమి జరిగిందో రాసి పెట్టుకోవాలని నిశ్చయించాను.

ఈ విద్యలో గుద్దులు, తన్నులు ఉండవు. ఎదుటివాణ్ణి నేలకు తేవడం, అక్కడ అతని మీద అదుపు సాధించడం, చివరికి ఏదో ఒక కీలును వంచో మెడను బిగించో అతనిచేత ఓటమి ఒప్పించడం, స్థూలంగా ఆట ఇంతే. ఒప్పుకునే పద్ధతిని ట్యాప్ అంటారు. అవతలివాడి ఒంటి మీదనో నేల మీదనో రెండు మూడుసార్లు చేత్తో తట్టాలి. చేతులు రెండూ చిక్కుకుపోతే కాలితో తట్టాలి, లేదా నోటితో చెప్పాలి. తట్టిన క్షణమే పట్టు వదిలిపెట్టాలి. మొదటి తరగతిలో కోచ్ అన్నింటికంటే ముందు నేర్పినది ఇదే. పట్టు తరవాత, విడుపు ముందు.

ఆ తరవాత దెబ్బ తగలకుండా పడటం: గడ్డం ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా చేసి, అరచేతులతో మ్యాట్‌ను చరుస్తూ పడాలి. పిదప వెల్లకిలా పడుకొని, ఒక పక్కకు ఒత్తిగిలి, పాదం నేలకు తన్ని, తుంటిని వెనక్కి జరుపుతూ గది ఈ చివరి నుంచి ఆ చివరికి పాకాలి. దీన్ని ష్రింప్ అంటారు. నా పక్కన పాకుతున్న నెల్లూరు కుర్రవాడు, "అన్నా, ఇదేందో తెలుసా? మా ఊళ్లో చెరువుల్లో పెంచే రొయ్య ఇదే" అన్నాడు. తెలుగు మాట వినబడిన ఆనందంలో నవ్వబోయి ఊపిరందక దగ్గాను. అతడు నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, పన్నెండు కిలోలు తేలిక. తెల్ల బెల్ట్ తరవాతి మెట్టయిన బ్లూ బెల్ట్ కట్టుకొని రెండు నెలలయిందట.

2వ వారం

గి కొన్నాను. ఇది ముతక నూలుతో దట్టంగా నేసిన కోటు, లాగు. దీని మెడపట్టీని, చేతులను పట్టుకొని లాగడానికీ బిగించడానికీ వీలుంటుంది కనుక ఇది దుస్తులే కాదు, పనిముట్టు కూడా. మూడు వేల ఎనిమిది వందలయింది. వేడినీళ్లలో ఉతికితే కుదించుకుపోతుందని చెప్పారు కనుక చన్నీళ్లలోనే ఉతుకుతున్నాను. అయితే బెంగళూరు జూన్ ముసురులో అంత మందపు బట్ట ఆరడానికి రెండు రోజులు పడుతోంది. దాసరహళ్లిలోని మా ఇంటి బాల్కనీలో అది వేలాడుతుంటే ఎవరో నిలబడి ఉన్నట్టు ఉందని మా ఆవిడ రెండుసార్లు ఉలిక్కిపడింది.

చేతి గోళ్లు, కాలి గోళ్లు ప్రతి ఆదివారం కత్తిరించుకోవాలి. మ్యాట్ మీదికి చెప్పులతో రాకూడదు, మ్యాట్ దిగి మరుగుదొడ్డికి ఉత్త కాళ్లతో వెళ్లకూడదు. ఈ రెండింటి విషయంలో కోచ్ ఎవరినీ క్షమించడు.

4వ వారం

మొదటిసారి రోలింగ్ చేశాను. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చొని, చేతులు కలిపి, ఐదు నిమిషాలపాటు నిజంగా తలపడటాన్ని ఇక్కడ అలా పిలుస్తారు. తరగతి చివర మూడు రౌండ్లు ఉంటాయి.

మొదటి రౌండులో నేను ఎదుర్కొన్నది ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని. బరువు నాలో మూడింట రెండు వంతులు ఉంటుందేమో. మొహమాటంతో మెల్లగా మొదలుపెట్టాను. ఇరవై సెకన్లలో ఆమె నా వీపెక్కి, రెండు కాళ్లూ నా తొడలకు కొక్కేల్లా తగిలించి, మోచేతి మడత నా గొంతు కిందికి తెచ్చింది. మొహమాటం తీరిపోయింది. తట్టాను. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. మూడోసారి గట్టిగా పెనుగులాడాను, ఇంకా త్వరగా తట్టాను.

ఊపిరి తొంభై సెకన్లకే అయిపోయింది. మూడో రౌండులో, నేను అసలు గాలి పీల్చడం లేదని, పళ్లు బిగపట్టి ఉన్నానని నెల్లూరు కుర్రవాడు చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇంటికి వెళ్తూ రైల్లో పైన కమ్మీ పట్టుకోవడానికి వేళ్లు సహకరించలేదు.

ఆ రాత్రే రిజిస్టరులో గళ్లు గీశాను: తేదీ, ఎదుటివారి బెల్ట్ రంగు, నేను ఏ స్థితిలో ఉన్నాను, దేనికి తట్టాను, కారణం.

8వ వారం, జూలై చివర

ఐదు వారాల లెక్క కుదిరింది. పదమూడు తరగతులు, ముప్పై తొమ్మిది రౌండ్లు, డెబ్బై ఒక్క ట్యాపులు. వాటిలో ఎదుటివారు నా వీపెక్కి గొంతు బిగించినవి ముప్పై ఎనిమిది. నా మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, అంటే మౌంట్ స్థితి నుంచి పట్టినవి పదిహేడు. వారి కాళ్ల మధ్య నేనుండగా పట్టినవి పదకొండు. తక్కినవి ఐదు.

కర్మాగారంలో సగానికి పైగా ముక్కలు ఒకే లోపంతో తిరిగొస్తే పనివాణ్ణి కోప్పడం. యంత్రం దగ్గరికి వెళ్తాం. ఎందుకు అన్న ప్రశ్నను వరుసగా ఐదుసార్లు వేసుకుంటూ మూలం దాకా దిగాలని మాకు నేర్పుతారు, ఇది టయోటా కర్మాగారాల నుంచి వచ్చిన పద్ధతి. ఆదివారం మధ్యాహ్నం రిజిస్టరు ముందేసుకొని అలాగే దిగాను.

నా గొంతు ఎందుకు చిక్కుతోంది? వాళ్లు నా వీపు మీద ఉంటున్నారు కనుక. వీపు మీదికి ఎలా వస్తున్నారు? కారణాల గడి చూస్తే ముప్పై ఎనిమిదింటిలో ముప్పై ఒకటి నా చేతిరాతతోనే "నేనే బోర్లా తిరిగాను" అని ఉన్నాయి. ఎవరూ నన్ను తిప్పలేదు. ఎందుకు తిరిగాను? వెల్లకిలా పడ్డాను కనుక. వెల్లకిలా పడితే తిరగడం ఎందుకు? ఇక్కడ పెన్ను ఆగింది. ఆలోచించి చేసిన పని కాదది. వీపు నేలకు తగలగానే ఒళ్లు దానంతటదే బోర్లా తిరుగుతోంది, వేడి వస్తువు తగిలిన చేయి వెనక్కి వచ్చినట్టు.

ఐదో ఎందుకుకు సమాధానం హిందూపురంలో ఉంది. మా జేజినాయనకు, అంటే మా నాయన తండ్రికి, గరిడీలో కుస్తీ పట్టిన ఒళ్లు. మా ఇంటి వసారాలో దేవుడి పటాల వరసలోనే వీరఘట్టం నుంచి పుట్టుకొచ్చిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి ఫొటో ఒకటి ఉండేది. నాకు ఆరేడేళ్ల వయసులో పెరట్లో ఇసుక పోయించి, నన్నూ మా చిన్నాన్న కొడుకునూ దించి, జేజినాయన అరుగు మీద కూర్చొని చూసేవాడు. ఆయన చెప్పిన నియమం ఒక్కటే: వీపుకు మన్ను అంటితే ఓడినట్టే. కుస్తీలో అది అక్షరాలా నిజం. రెండు భుజాలూ నేలకు ఆనితే ఆట ముగుస్తుంది. కాబట్టి పడబోతున్నప్పుడు ఎలాగైనా మెలిక తిరిగి బోర్లా పడాలి. నేను కుస్తీ నేర్చుకోలేదు, రెండు వేసవులు ఇసుకలో దొర్లానంతే. అయినా ముప్పై ఏళ్ల తరవాత కూడా ఒళ్లు ఆ ఒక్క ఆజ్ఞనూ మరిచిపోలేదు.

జూజిత్సులో ఈ లెక్క తలకిందులు. అంతర్జాతీయ బ్రెజిలియన్ జూజిత్సు సమాఖ్య నియమాల ప్రకారం ఎదుటివాణ్ణి పడదోస్తే 2 పాయింట్లు, కింద ఉన్నవాడు తిరగబెట్టి పైకి వస్తే 2, కాళ్లను దాటుకొని పక్కకు చేరితే 3, మౌంట్‌కు 4, వీపెక్కి రెండు కాళ్లూ తగిలిస్తే 4. నా వీపు నేలకు తగిలినా, నా రెండు కాళ్లూ ఎదుటివాడికీ నాకూ మధ్య ఉన్నంతకాలం పైనుండటం వల్ల అతనికి ఏమీ రాదు. ఆ కాళ్ల అడ్డునే గార్డ్ అంటారు. ఈ విద్యలో సగం అక్కడి నుంచే పుట్టింది. ఓటమి గుర్తని మా జేజినాయన చెప్పిన స్థితి నుంచి నేను పారిపోయి, నాలుగు పాయింట్లతో పాటు నా గొంతునూ చేతులారా అప్పగిస్తున్నాను.

సోమవారం ఈ లెక్కలు చూపిస్తే కోచ్ చాలాసేపు రిజిస్టరు తిరగేసి, కన్నడం కలిసిన ఇంగ్లిషులో, ఎనిమిదేళ్లలో ఇలాంటిది చూడలేదన్నాడు. అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తెలియదు. ఆ వారమంతా నాకు ఒకే పని అప్పజెప్పాడు: వెల్లకిలా పడుకో, ఏం జరిగినా బోర్లా తిరగకు, కావాలంటే ఓడిపో.

9వ వారం

కిమురా అనే భుజం పట్టు నేర్పారు. ఎదుటివాడి మణికట్టును ఒక చేత్తో పట్టుకొని, రెండో చేతిని అతని చేయి మీదుగా పోనిచ్చి మన మణికట్టునే మనం పట్టుకుంటే 4 అంకె ఆకారంలో ఒక బంధం ఏర్పడుతుంది; దాన్ని అతని వీపు వైపు తిప్పితే భుజం కీలు మీద భారం పడుతుంది. చేతి బలంతో లాగితే పని జరగదు, ఒంటినంతా తిప్పాలి. మా కర్మాగారంలో పైపు రెంచికి పొడుగు గొట్టం తొడిగి బోల్టు విప్పేవాడికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

ఈ పేరు వెనుక కథ తరగతి తరవాత నీళ్లు తాగుతూ విన్నాను, ఇంటికి వచ్చి మరికొంత చదివాను. జిగోరో కానో 1882లో టోక్యోలో కొడొకాన్ స్థాపించి, పాత జపనీయ జూజిత్సు నుంచి జూడోను రూపొందించాడు. ఆ శిష్యపరంపరలోని మిట్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ బెలెంలో కార్లోస్ గ్రేసీ అనే యువకుడు ఆ విద్య నేర్చుకొని, 1925లో రియో డి జనీరోలో తన పాఠశాల తెరిచాడు. అతని తమ్ముడు హీలియో బక్కపలచని మనిషి. నేల మీద, ముఖ్యంగా వీపు మీద ఉండి, బరువైనవాణ్ణి ఎలా అలసిపోనివ్వాలో ఆ అన్నదమ్ములు సాన పట్టిన కొద్దీ ఇది వేరే విద్యగా స్థిరపడింది. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా ఇదే పట్టు హీలియోకు వేశాడు. చేయి విరిగినా హీలియో తట్టలేదు. చివరికి అతని పక్షంవారే ఆట ఆపించారు. ఓడించినవాడి పేరునే ఓడినవారు ఆ పట్టుకు పెట్టుకున్నారు. ఆ గౌరవం నాకు నచ్చింది. తట్టకపోవడం మాత్రం నచ్చలేదు. హీలియోకు మర్నాడు ఎనిమిదింటికి షిఫ్టు ఉండి ఉండదు.

10 నుంచి 12వ వారం, ఆగస్టు

ప్రాజెక్టు ఆగిపోయింది, తప్పు పూర్తిగా నాదే. ఒక శుక్రవారం చివరి రౌండులో తొంభై కిలోల మనిషి నా ఛాతీ మీద అడ్డంగా పడుకొని ఉండగా, తట్టడానికి సిగ్గుపడి, నడుము మెలితిప్పి ఒక్క ఉదుటున లేవబోయాను. పక్కటెముకల దగ్గర పుటుక్కుమన్న చప్పుడు నాకే వినబడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. పక్కటెముకల మధ్య కండరం బెసికిందని, మూడు వారాలు కదలకుండా ఉండమని వైద్యుడు చెప్పాడు. తుమ్మితే ప్రాణం పోయినంత పనయ్యేది.

రిజిస్టరులో ఒక గడి చేర్చాను: "తట్టవలసింది, తట్టలేదు". అందులో ఇప్పటికి ఒకటే నమోదు ఉంది.

13వ వారం, సెప్టెంబరు

తిరిగి వచ్చాక పెద్దవాళ్లతో రోలింగ్ చేయకుండా, మెళకువల సాధన మాత్రమే చేశాను. నెల్లూరు కుర్రవాడు తరగతికి అరగంట ముందే వచ్చి నాతో కూర్చున్నాడు. ఈ వారం నేర్చుకున్నది వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే ఎనిమిదో వారంలో నేను రాసుకున్న నిర్ణయం సగమే సరైనదని ఇప్పుడు తెలిసింది.

బోర్లా తిరగకూడదు, సరే. అలాగని రెండు భుజాలూ నేలకు అతికించి పడుకోవడమూ తప్పే. అలా పడుకుంటే పైవాడి బరువంతా ఛాతీ మీదికి వస్తుంది, తుంటి కదలదు. వీపు నేలకు తగలవచ్చు, అతుక్కోకూడదు. ఎప్పుడూ ఒక తుంటి మీదికి ఒత్తిగిలి, ఎదుటివాడి వైపు తిరిగి ఉండాలి. నేను చేస్తున్న పొరపాటు తిరగడం కాదు, అవతలి వైపుకు తిరగడం.

పక్క నుంచి అదిమిపట్టినవాణ్ణి వదిలించుకునే పద్ధతి ఇది. ఒక ముంజేతిని అతని మెడకు అడ్డంగా, రెండోదాన్ని అతని తుంటికి అడ్డంగా పెట్టాలి. దీన్ని ఫ్రేమ్ అంటారు. చేతులను చాచి నెట్టకూడదు. నెడితే కండరం అలసిపోతుంది, పైగా చాచిన చేయి పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. మోచేయి మడిచి ఉంచితే బరువు ఎముక మీదుగా నేలలోకి దిగుతుంది, కప్పు బరువును గోడ మోసినట్టు. ఆ తరవాత అతణ్ణి కదిలించడానికి చూడకూడదు, మనమే కదలాలి. ఇక్కడ మొదటి వారపు రొయ్య పనికొస్తుంది: పాదం నేలకు తన్ని తుంటిని వెనక్కి లాగితే ఇద్దరి మధ్య జానెడు ఖాళీ పుడుతుంది. ఆ ఖాళీలోకి దగ్గరున్న మోకాలిని దూర్చి, అది అతని పొట్టకు అడ్డుపడగానే రెండో కాలును చుట్టూ తెచ్చుకుంటే గార్డ్ తిరిగి వచ్చినట్టే.

రాస్తే ఎనిమిది వాక్యాలయింది. చేయడానికి ఈ వారంలో మూడు వందలకు పైగా ప్రయత్నాలయ్యాయి. ఖాళీ పుట్టించి, మోకాలు దూర్చే ముందు ఒక్క క్షణం ఊపిరి తీసుకుందామని ఆగుతున్నాను. ఆ క్షణంలో అతడు ఖాళీని మూసేస్తున్నాడు. "అన్నా, తలుపు తీసినోడివి లోపలికి రావాల గదా, గడప మీద నిలబడితే ఎట్ల?" అన్నాడు నెల్లూరు కుర్రవాడు.

14వ వారం

ముంజేతి మీద గుండ్రంగా, అంచు ఎర్రగా తామర లేచింది. వానల్లో సరిగా ఆరని గి వేసుకోవడమే కారణం కావచ్చు. మందుల దుకాణంలో అడగగానే ఒక ట్యూబు ఇవ్వబోయాడు. వెనుక చదివితే అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. అలాంటివి రాస్తే దురద వెంటనే తగ్గినట్టుంటుంది గానీ తామర మరింత మొండిగా పాకుతుంది. చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లి ఉత్త ఫంగస్ మందే రాయించుకున్నాను. మచ్చ పూర్తిగా మానేదాకా, పది రోజులు, మ్యాట్ మీదికి వెళ్లలేదు. నా వల్ల ఇంకొకరికి అంటితే ఆ నమోదు ఏ గడిలో రాయాలి?

16వ వారం

మొదటిసారి ఒకణ్ణి కింది నుంచి తిరగబెట్టాను. అవతలివాడు రెండు వారాల క్రితం చేరిన కొత్తవాడు, నాకంటే తేలిక. కాబట్టి గొప్పగా చెప్పుకోవలసింది లేదు. నా గార్డ్‌లో మోకాళ్ల మీద ఉన్న అతడు బరువును నా మీదికి వాల్చగానే, ఒక పక్క చొక్కా చేతిని పట్టుకొని, అటువైపు అతని మోకాలికి నా కాలితో అడ్డం వేసి, రెండో మోకాలితో అతని నడుమును కత్తెరలా కోశాను. మరుక్షణం నేను పైన ఉన్నాను. పైన ఉండి ఏం చేయాలో తెలియక అలాగే కూర్చుండిపోయాను. నా రిజిస్టరులో అందుకు గడే లేదు.

18వ వారం, దసరా

ఆయుధపూజ నాడు కర్మాగారంలో లేతు యంత్రాలకూ కొలత పరికరాలకూ పసుపు కుంకుమలు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, మధ్యాహ్నం రైల్లో హిందూపురం వెళ్లాను. ఈ రోజుల్లో మైసూరులో దసరా కుస్తీలు జరుగుతాయి. జేజినాయన బతికి ఉండగా రెండుసార్లు వాటిని చూడటానికి పోయివచ్చాడట.

భోజనాలయ్యాక మా నాయనకు ఈ విద్య గురించి చెప్పాను. ఆయనకు డెబ్బై రెండేళ్లు, కుస్తీ పట్టలేదు గానీ తండ్రి పక్కన కూర్చొని చూసినవాడు. "వీపు నేలకు ఆనించి ఆట ఏందిరా? అప్పటికే ముగిసిపోయె గదా" అన్నాడు. మాటలతో కాదనిపించి, వసారాలో రెండు చాపలు పరిచి, మా చిన్నాన్న ఇరవై ఏళ్ల మనవణ్ణి నా మీదికి రమ్మన్నాను. వాడు రోజూ పొలం పని చేసేవాడు, నాకంటే బలవంతుడు. నన్ను సులువుగానే పడదోశాడు. నేను వెల్లకిలా పడి, కాళ్లు వాడి నడుము చుట్టూ వేసి, ఒక చేత్తో చొక్కా చేతినీ ఇంకో చేత్తో మెడనూ పట్టుకున్నాను. వాడు లేవబోయాడు, లేవలేకపోయాడు. నెట్టబోయాడు, చేయి చిక్కింది. రెండు నిమిషాలకు వాడికి ఆయాసం వచ్చింది, నాకు రాలేదు.

నాయన కుర్చీ ముందుకు జరుపుకొని వంగి చూశాడు. "కిందుండేది నువ్వు, చిక్కుకున్యది వాడు" అని కాసేపు ఊరుకొని, "ఆ కాళ్లు తీస్తే?" అన్నాడు. కాళ్లు దాటితే మూడు పాయింట్లు పోతాయని చెప్పాను. "అట్లయితే లెక్క ఉంది" అన్నాడు. జేజినాయన ఒప్పుకొనేవాడా అని అడిగితే మాత్రం, "ఆయప్ప ఒప్పుకోడు" అని నవ్వి పడుకోవడానికి వెళ్లిపోయాడు.

20వ వారం, అక్టోబరు చివర

రెండో లెక్క. పదహారో వారం నుంచి ఇప్పటిదాకా పన్నెండు తరగతులు, ముప్పై ఆరు రౌండ్లు, యాభై రెండు ట్యాపులు. వీపు నుంచి తొమ్మిది, మౌంట్ నుంచి పద్నాలుగు, ఎదుటివారి గార్డ్ నుంచి పద్దెనిమిది, తక్కినవి పదకొండు.

వీపు నుంచి వచ్చినవి ముప్పై ఎనిమిది నుంచి తొమ్మిదికి దిగాయి. ఆ తొమ్మిదింటిలో "నేనే బోర్లా తిరిగాను" అన్నవి నాలుగు. నాలుగూ రౌండులో చివరి నిమిషంలో, ఊపిరి అయిపోయాక జరిగాయి. అలసిపోయినప్పుడు ఇంకా జేజినాయన మాటే చెల్లుతోంది. ఎదుటివారి గార్డ్ నుంచి తట్టినవి పెరగడానికి కారణం స్పష్టమే: ఇదివరకు నేను అక్కడిదాకా చేరేవాణ్ణే కాదు. పైకి రావడం నేర్చుకోగానే, పైన ఉన్నవాడికి ఎదురయ్యే కొత్త లోపాలు మొదలయ్యాయి. చేతులు నేలకు ఆనిస్తున్నాను, తల ముందుకు వాలుస్తున్నాను, ఒక చేయి వారి కాళ్ల లోపల, ఇంకొకటి బయట పెడుతున్నాను. ఒక చేయి లోపల, ఒకటి బయట ఉంటే మెడ చుట్టూ త్రికోణంలా కాళ్లు బిగుస్తాయి; నా భుజమే నా మెడకు ఒక పక్క ఉరి అవుతుంది.

గొంతు బిగింపుల గురించి ఒక మాట. మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోతే మెదడుకు రక్తం తగ్గి, పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు. ఊపిరాడకపోవడం వేరు, ఇది వేరు. నొప్పి ఉండదు కనుక ఇంకా సమయం ఉందనిపిస్తుంది, ఉండదు. చెవుల్లో హోరు మొదలవక ముందే తట్టాలని నియమం పెట్టుకున్నాను.

24వ వారం, నవంబరు

కోచ్ ఇరవై ఒకటో వారంలో కొత్త పద్ధతి పెట్టాడు. ప్రతి రౌండునూ మోకాళ్ల మీద కాకుండా నా అత్యంత బలహీన స్థితిలో, అంటే ఎదుటివారు ముందే నా వీపెక్కి, కాళ్లు తగిలించి, చేయి గొంతు దాకా తెచ్చాక మొదలుపెట్టాలి. రెండు చేతులతో వారి ఒక చేతిని పట్టుకొని కిందికి లాగి, వీపును వారి ఛాతీ మీద నుంచి జార్చి మ్యాట్‌కు ఆనించాలి. వీపుకు మన్ను అంటించుకోవడమే ఇక్కడ విముక్తి.

నాలుగు వారాల్లో పదకొండు తరగతులు, ముప్పై మూడు రౌండ్లు, అరవై నాలుగు ట్యాపులు. రౌండుకు ఇంచుమించు రెండు. ఇరవయ్యో వారానికి ఒకటిన్నర కూడా లేదు. మా ఆవిడ రిజిస్టరు చూసి, "ఏమండీ, డబ్బు కట్టి మరీ వెనక్కి పోతున్నారా?" అని అడిగింది. కొలత బిగించినప్పుడు తిరిగొచ్చే ముక్కలు పెరుగుతాయని, ఒక నెల గడిస్తే గానీ యంత్రం బాగుపడిందో లేదో తెలియదని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. అయితే వీపు మీద నుంచి మొదలైన ఈ ముప్పై మూడు రౌండ్లలో పన్నెండుసార్లు తట్టకుండా బయటపడ్డాను. అందులో రెండుసార్లు ఎదుట ఉన్నది మొదటి రోలింగులో ఇరవై సెకన్లలో నన్ను ముగించిన విద్యార్థిని. రెండోసారి బయటపడ్డాక ఆమె వేళ్లకు టేపు చుట్టుకుంటూ, ఇక మీతో జాగ్రత్తగా ఉండాలి అంకుల్, అంది. అంకుల్ అన్న మాటను వదిలేసి మిగతాది రాసుకున్నాను.

బరువు ఎనభై నాలుగు నుంచి డెబ్బై తొమ్మిదిన్నరకు వచ్చింది. నడుము నొప్పి ఉదయాల్లో లేదు. దాని బదులు వేళ్ల కణుపులు పట్టేస్తున్నాయి, మైక్రోమీటరు తిప్పేటప్పుడు తెలుస్తోంది. బెల్ట్ తెల్లదే, దాని మీద పురోగతికి గుర్తుగా వేసే చారలేమీ లేవు.

వచ్చే నాలుగు వారాలకు రాసుకున్నవి: హాఫ్ గార్డ్‌లో, అంటే ఎదుటివారి ఒక కాలు మాత్రమే నా కాళ్ల మధ్య చిక్కి ఉన్నప్పుడు, చంక కింద చేయి ముందుగా దూర్చడం, ఎదుటివారి గార్డ్‌లో ఉన్నప్పుడు రెండు చేతులూ ఒకే వైపు ఉంచడం, చివరి నిమిషంలో ముక్కుతో ఊపిరి. రిజిస్టరులో పైకి వచ్చిన సందర్భాలకు ఒక గడి. ఈశాన్య రుతుపవనం వాన నాలుగు రోజులుగా ఆగలేదు, బాల్కనీలో గి ఇంకా తడిగానే ఉంది. జీతం రాగానే రెండోది కొనాలి.